కొత్త మోకాలు: ముందు మూడు నెలలు, తరవాత ఆరు వారాలు

సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మోకాలి మార్పిడి గురించి అడిగినవే ఎక్కువ. ఏ కంపెనీ కీలు మంచిది, ఏ ఊళ్లో చేయించుకోవాలి, రోబోతో చేయిస్తే మేలా అన్న ప్రశ్నలు కుప్పలుగా ఉన్నాయి. ఆపరేషన్‌కి ముందు ఇంట్లో ఏం చేసుకోవాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి అని అడిగినవాళ్లు తక్కువ. ఇన్నేళ్లుగా మోకాళ్లు చూస్తున్న నాకు తెలిసి, ఫలితాన్ని తేల్చేవి ఎక్కువగా ఈ రెండో రకం ప్రశ్నలే. అందుకని వాటికే ఎక్కువ చోటిచ్చాను.

డాక్టరు గారూ, నా వయసు 66. టీచరుగా చేసి రిటైరయ్యాను. ఎక్స్‌రే చూసిన డాక్టరు "గ్రేడ్ 4, పూర్తిగా అరిగిపోయింది, వెంటనే చేయించుకోండి" అన్నారు. మా వీధిలో ఒకావిడ చేయించుకుని హాయిగా తిరుగుతోంది. ఇంకొకావిడ "నేను చేయించుకుని అనుభవిస్తున్నా, నువ్వు పడకు" అంటోంది. ఎవరి మాట వినను?
— ఒక పాఠకురాలు, తెనాలి

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు "అనుకున్నంత సుఖం రాలేదు" అంటారు. మన దగ్గరే కాదు, ఏ దేశంలో అడిగినా దాదాపు ఇదే మాట. ఆ ఒక్కరు మీరు కాకుండా ఉండాలంటే, ఎందుకు చేయించుకుంటున్నారో ముందు మీకే తేలాలి.

ఎక్స్‌రేలో గ్రేడ్ చూసి ఎవరూ బల్ల ఎక్కకూడదు. గ్రేడ్ 4 పెట్టుకుని రోజూ రైతుబజారుకి నడిచి వెళ్లొచ్చేవాళ్లున్నారు. గ్రేడ్ 3కే మంచం పట్టినవాళ్లూ ఉన్నారు. నేను అడిగే ప్రశ్నలు వేరు. నొప్పి మిమ్మల్ని రాత్రి నిద్రలోంచి లేపుతోందా? ఎంత దూరం నడిచాక ఆగి నిలబడాల్సి వస్తోంది? పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేశారా? వారంలో ఎన్ని రోజులు నొప్పి బిళ్ల లేకుండా గడుస్తున్నాయి? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. మోకాలికి ఆపరేషన్ ఉంది. కిడ్నీ విషయం అంత తేలిక కాదు.

"వెంటనే" అన్న మాట పక్కన పెట్టండి. అరిగిన మోకాలు అత్యవసరం కాదు. మూడు నెలలు తొడ కండకు వ్యాయామం చేసి, నాలుగైదు కిలోలు తగ్గి, అప్పటికీ పైప్రశ్నలకు జవాబులు మారకపోతే ధైర్యంగా చేయించుకోండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల బరువు తగ్గుతుంది. ఆపరేషన్ తప్పకపోయినా ఆ మూడు నెలలు వృథా పోవు. అలాగని మరీ నాన్చకండి. కాలు వంకరపోయి, పూర్తిగా చాపలేని స్థితి వచ్చాక చేయించుకుంటే కోలుకోవడం కష్టమవుతుంది.

ఇంకొకటి. ఈలోగా ఎవరైనా మోకాల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే, అది వేయించుకున్నాక మూడు నెలల దాకా ఆపరేషన్ చేయకూడదని గుర్తుపెట్టుకోండి. చేస్తే చీముపట్టే ప్రమాదం పెరుగుతుంది.

మా నాన్నగారికి 72. రెండు మోకాళ్లూ పోయాయి. "రెండూ ఒకేసారి చేసేస్తే ఖర్చూ కలిసొస్తుంది, నొప్పీ ఒకసారే" అంటున్నారు. చేయించమంటారా?
— గుంటూరు నుంచి ఒక కుమారుడు

ఖర్చు కలిసొస్తుందన్న మాట నిజం. నొప్పి ఒకసారే అన్నదీ నిజం. కాని ఒకేసారి రెండు చేస్తే గుండె మీద, ఊపిరితిత్తుల మీద పడే భారం ఒక మోకాలితో పోల్చితే ఎక్కువ. రక్తం ఎక్కువ పోతుంది, గడ్డలు కట్టే అవకాశమూ ఎక్కువ. గుండె జబ్బు, ఆయాసం, కిడ్నీ లోపం ఏమీ లేకుండా, బరువు అదుపులో ఉన్న మనిషైతే ఆలోచించవచ్చు. 72 ఏళ్లకు నేనైతే ముందు ఎకో పరీక్ష చూస్తాను, తరవాతే మాట్లాడతాను. ఏ మాత్రం సందేహం ఉన్నా ఒకటి చేసి, కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు ఆగి రెండోది.

ప్రధానిగా ఉండగా వాజ్‌పేయి గారికి ఎడమ మోకాలు 2000 అక్టోబరులో, కుడి మోకాలు 2001 జూన్‌లో మార్చారు. ముంబై బ్రీచ్ క్యాండీ ఆస్పత్రిలో, న్యూయార్క్ నుంచి వచ్చిన చిత్తరంజన్ రణావత్ చేశారు. 1974లో న్యూయార్క్‌లో మొదలైన ఆధునిక మోకీలు రూపకల్పనలో పాలుపంచుకున్న సర్జన్ ఆయన. డబ్బుకి గాని, వైద్యానికి గాని లోటు లేని మనిషికి కూడా ఎనిమిది నెలల తేడాతోనే చేశారు. రెండో మోకాలు అయిన నెల దాటగానే ఆగ్రాలో పాకిస్థాన్ అధ్యక్షుడు ముషారఫ్‌తో చర్చలకు కూర్చున్నారు.

మా అమ్మకు 68 ఏండ్లు. షుగరున్నది, బీపీ ఉన్నది. నాలుగేండ్ల కింద గుండెకు స్టెంటు పడ్డది. వచ్చే నెల ఆపరేషన్‌కు తారీఖిచ్చిన్రు. డాక్టరు ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. ఇంట్ల ఏమేం సర్దుకోవాలె? మందులు ఏవి ఆపాలె?
— కరీంనగర్ జిల్లా నుంచి

మంచి ప్రశ్న అడిగారు, వివరంగా చెబుతాను.

మొదట షుగర్. ఆపరేషన్ రోజు ఉదయం గ్లూకోమీటర్లో కనిపించే అంకెతో పనిలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. 7.5 లోపు ఉంటే మంచిది. 8 దాటితే నేను తారీఖు వాయిదా వేస్తాను, ఎంత బతిమాలినా. షుగర్ ఎక్కువుంటే గాయం మానదు, లోహం చుట్టూ ఒకసారి చీము పట్టిందంటే మందులతో పోయే వ్యవహారం కాదు. కీలు తీసేసి, కడిగి, మళ్లీ పెట్టాల్సి రావచ్చు.

రక్తం. మన ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ తొమ్మిదీ పదీ ఉండటం మామూలైపోయింది. నెల రోజులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడే చూపించి, ఐరన్ మొదలుపెడితే ఆపరేషన్ నాడు రక్తం ఎక్కించే అవసరం తప్పుతుంది.

మందులు. స్టెంటు ఉంది కాబట్టి క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతూ ఉండవచ్చు. దాన్ని సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు. ఆస్పిరిన్ చాలామందికి ఆపరు. కాని ఈ నిర్ణయం మీరు గాని, మందుల షాపు అబ్బాయి గాని తీసుకోకూడదు. స్టెంటు వేసిన కార్డియాలజిస్టు చేత కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి. షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అన్న పేర్లుంటే మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వాటిని మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. నొప్పులకని ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నా, పొట్లాల్లో కట్టిచ్చిన నాటుమందు వాడినా దాచకండి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్తేమీ కాదు. కొన్నాళ్లుగా స్టెరాయిడ్ తీసుకున్న ఒంటికి మత్తిచ్చేటప్పుడు జాగ్రత్తలు వేరుగా ఉంటాయి. అందుకే మందుల పేర్లు నోటితో చెప్పడం కాదు, వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి.

ఒంటి మీద ఇన్‌ఫెక్షన్ ఎక్కడా ఉండకూడదు. పుచ్చిపోయిన పన్ను, మూత్రంలో మంట, కాలివేళ్ల సందుల్లో ఒరుపు, పగిలి పుండైన మడమలు, ఇవన్నీ ముందే మాన్పించుకోవాలి. మోకాలి దగ్గర వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయకండి. ఆ సన్నటి గాట్లలోంచే క్రిములు చేరతాయి. ఆ పని అవసరమైతే ఆస్పత్రిలో మిషన్‌తో చేస్తారు.

ఇక ఇల్లు. ఊళ్లో ఇల్లయితే ఒకసారి వాకర్ పట్టుకున్న మనిషిలా వాకిట్లోంచి లోపలికి నడిచి చూడండి. గడప ఎంత ఎత్తుంది? కాలు తుడుచుకునే పట్టా జారుతుందా? రాత్రి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో లైటుందా? పడమటి పద్ధతి కమోడ్ లేకపోతే ఇప్పుడే పెట్టించండి. అది కుదరకపోతే కుర్చీలా ఉండే కమోడ్ స్టూలు కొనండి. పక్కన గోడకు గట్టి పట్టీ కొట్టించండి, టవల్ తగిలించే రాడ్డు పట్టుకుని లేవబోతే ఊడి చేతికొస్తుంది. నులక మంచం, నవారు మంచం పనికిరావు, మధ్యలో కుంగుతాయి. గట్టి పరుపు, మోకాలి ఎత్తు మంచం, చేతులున్న కుర్చీ ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ అయితే రెండు ఒకదానిలో ఒకటి వేస్తే ఎత్తూ వస్తుంది, గట్టిగానూ ఉంటుంది. ఉప్పూ పప్పు డబ్బాలు కింది అరల్లోంచి నడుము ఎత్తుకి మార్చండి.

వాకర్ ఆపరేషన్ తరవాత కాదు, ఇప్పుడే కొనండి. ఇప్పటినుంచే రోజూ ఇంట్లో దానితో పది నిమిషాలు నడిపించండి. తొడ బిగించి అయిదు లెక్కపెట్టి వదలడం, కాలు చాపి పడుకుని నిటారుగా జానెడు ఎత్తడం, ఈ రెండూ పూటకు పది పదిహేనుసార్లు చేయించండి. నొప్పి లేని రోజున నేర్చుకున్న వ్యాయామం నొప్పి ఉన్న రోజున గుర్తొస్తుంది.

ఆ ఐదు నిమిషాలు మాట్లాడని డాక్టరు సంగతి. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్లండి. కాగితం చూస్తే మాలాంటివాళ్లం కూర్చుంటాం.

నల్లగొండ జిల్లా మాది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లే తాగినం. నాకు 59. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతయి, నడుము కూడా వంగదు. నాలాంటోనికి ఈ ఆపరేషన్ చేస్తరా?
— మర్రిగూడ ప్రాంతం నుంచి ఒక రైతు

చేస్తారు. కాని మీది మామూలు అరుగుదల కేసు కాదు. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది గాని పెళుసు. కోసేటప్పుడు చిట్లే అవకాశం ఉంది. కీళ్ల చుట్టూ ఉండే తంతువులు సున్నం పట్టి బిగుసుకుపోతాయి కాబట్టి వంకర సరిచేయడం కష్టం.

మీరు రాసిన రెండో మాటకి ఇంకా ఎక్కువ విలువిస్తాను. నడుము వంగడం లేదంటే వెన్నుపూసల మధ్య కూడా సున్నం చేరి ఉండొచ్చు. వెన్నులోకి సూది గుచ్చి మత్తివ్వడం కుదరకపోవచ్చు, పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో కూడా ముందే తేల్చాలి. కాళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే మోకాలి సంగతి తరవాత, ముందు వెన్నుకి ఎమ్మారై. కిడ్నీ పరీక్షలు తప్పనిసరి. ఇలాంటి కేసులు చేసిన సర్జను, మంచి మత్తు విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రికే వెళ్లండి. ఆరోగ్యశ్రీలో ఏది ఎక్కడ వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రని అడిగి, రాతలో చూసుకున్నాకే ముందుకెళ్లండి.

రోబోతో చేస్తే లక్షకు పైగా ఎక్కువ అడుగుతున్నారు. బంగారు రంగు కీలు అయితే ముప్పై ఏళ్లు వస్తుందంటున్నారు. నిజమేనా?
— విశాఖపట్నం

చాలామంది కీలు మొత్తం పీకేసి కొత్తది బిగిస్తారనుకుంటారు. అలా కాదు. పంటికి క్యాపు వేసేముందు పన్ను పైభాగం అరగదీసినట్టు, తొడ ఎముక చివరనూ కాలి ఎముక పైభాగాన్నీ 8 నుంచి 10 మిల్లీమీటర్ల మేర చెక్కి, లోహపు తొడుగులు సిమెంటుతో అంటిస్తారు. రెంటి మధ్యా గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. చెక్కడంలో కోణం తప్పకుండా రోబో సాయపడుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. అందువల్ల పదిహేనేళ్ల తరవాత మోకాలు మెరుగ్గా ఉంటుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు. ఏడాదికి వందల మోకాళ్లు చేసే సర్జను మామూలు పనిముట్లతో చేసినా నాకు అభ్యంతరం లేదు. అప్పు చేసి రోబోకి కట్టే లక్షని నాలుగు నెలల ఫిజియోథెరపీకి పెట్టమంటాను.

ముప్పై ఏళ్ల హామీ ఎవరూ ఇవ్వలేరు. విదేశీ రిజిస్ట్రీల లెక్కలు క్రోడీకరించి 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన దాని ప్రకారం, పూర్తి మోకీలు మార్చిన నూటికి 82 మోకాళ్లు 25 ఏళ్లు నిలిచాయి. అవన్నీ బంగారు రంగువి కావు. ధర విషయంలో, 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకి 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. ఆ పరిమితిని తరవాత సవరిస్తూ, పొడిగిస్తూ వచ్చారు. కాబట్టి బిల్లులో కీలు ధర విడిగా చూపించమని అడగండి. డిశ్చార్జ్ కాగితం మీద కీలు పెట్టెలోంచి తీసిన స్టిక్కర్లు అంటిస్తారు, వాటి మీద కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉంటాయి. ఆ కాగితం లామినేషన్ చేయించి దాచండి. పదిహేనేళ్ల తరవాత ఇంకో సర్జనుకి అదే ఆధారం.

ఆపరేషన్ అయ్యి వారమైంది. మా పెద్దమ్మ పప్పు, గుడ్డు, వంకాయ, దుంపకూరలు ముట్టనివ్వడం లేదు. చీము పడుతుందంటుంది. కారప్పొడి అన్నంతో నెట్టుకొస్తున్నా.
— ఖమ్మం

పెద్దమ్మ గారికి నా నమస్కారాలు చెప్పి, పప్పు గిన్నె దగ్గరికి లాక్కోండి. చీము పట్టించేది క్రిమి. పప్పు కాదు, గుడ్డు కాదు, వంకాయ అసలే కాదు. గాయం మానడానికి, కరిగిపోయిన తొడ కండ తిరిగి రావడానికి మాంసకృత్తులు కావాలి. ఒంటి బరువులో కిలోకి రోజుకి ఒక గ్రాముకి పైనే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే. పూటకో కప్పు గట్టిపప్పు, రోజూ రెండు గుడ్లు, పెరుగు, తినేవాళ్లయితే చేప. ఆపరేషన్ కాగానే పథ్యం పేరుతో నెల రోజులు మనిషిని ఎండగట్టే అలవాటు మన ఇళ్లలో బాలింతల దగ్గరినుంచీ ఉంది. ఎంత చెప్పినా పోవడం లేదు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో మలబద్ధకం వస్తుంది కాబట్టి ఆకుకూరలు, జామ, నీళ్లు కూడా ఎక్కువే తీసుకోండి.

మా అత్తగారికి ఎడమ మోకాలు మార్చి మూడో వారం. ఆస్పత్రిలో బాగానే నడిచారు, ఇంటికొచ్చాక మంచం దిగడం లేదు. ఫిజియో అబ్బాయి వస్తే "ఇవాళ వద్దు బాబూ" అని పంపేస్తారు. రాత్రిళ్లు నిద్ర లేదు. "లేనిపోనిది కోయించుకున్నా" అని ఏడుస్తారు. మామగారేమో బద్ధకం అంటారు. మోకాలి కింద దిండు లేనిదే పడుకోరు. ఏం చేయాలో తోచడం లేదు.
— ఒక కోడలు, కూకట్‌పల్లి

మామగారికి ఇది చదివి వినిపించండి. బద్ధకం కాదు. ఆపరేషన్ నాడు ఇచ్చిన మత్తూ, నరానికి వేసిన మందూ రెండు మూడు రోజులు కాపాడతాయి. ఆస్పత్రిలో నడిచింది ఆ బలంతోనే. ఇంటికొచ్చాక అసలు నొప్పి మొదలవుతుంది. రెండో వారం నుంచి ఆరో వారం దాకా దిగులు, ఏడుపు, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. ముందే చెప్పనందుకు మా డాక్టర్లని తిట్టండి, ఆమెని కాదు.

దిండు మాత్రం ఇవాళే తీసేయండి. మోకాలి కింద దిండుంటే సుఖంగా ఉంటుంది, అదే దాని విషం. కాలు కొద్దిగా వంగి అలాగే బిగుసుకుపోతుంది. వంగకపోవడం కన్నా చాపలేకపోవడం పెద్ద నష్టం. పూర్తిగా చాపలేని కాలితో జీవితాంతం కుంటాల్సి వస్తుంది. తువ్వాలు చుట్ట చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలు గాలిలో ఉండాలి. అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకి నాలుగైదుసార్లు. అప్పుడు మోకాలి వెనక లాగుతుంది. లాగాలి.

ఫిజియో రోజుకొకసారి వచ్చి గంట చేయిస్తే భయపడతారు. దానికన్నా గంటకోసారి అయిదు నిమిషాలు మేలు. డాక్టరు రాసిన నొప్పి మందు భోజనం చేసి వేసుకున్న ముప్పావుగంటకి వ్యాయామం మొదలుపెట్టండి, నొప్పి వచ్చాక కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆపరేషన్ అయిన కాలి పాదం కింద ప్లాస్టిక్ కవరు వేయండి. గ్రానైట్ నేల మీద అది జారుతుంది. పాదాన్ని మెల్లగా కుర్చీ కిందికి లాక్కోమనండి. ఇక కదలదనుకున్న చోట పది లెక్కపెట్టి, మళ్లీ ముందుకి. నేల మీద చాక్‌పీస్‌తో మడమ ఆగిన చోట గీత గీయండి. రేపటి గీత దాని వెనక్కి పోవాలి. "నేనేం బాగుపడటం లేదు" అనే మనిషికి ఆ గీతలే జవాబు. తరవాత కాలు కొంచెం ఎత్తుగా పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు.

ఎంత వంగాలి? మామూలుగా నడవడానికి 70 డిగ్రీలు చాలు. మెట్లెక్కడానికి 90 దాకా, కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేవడానికి 100 దాకా కావాలి. ఆరు వారాలకి 90 కూడా రాకపోతే సర్జను దగ్గరికి తీసుకెళ్లండి. మత్తిచ్చి కాలు వంచే పద్ధతి ఉంది, అది మూడు నెలల లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. ఈలోగా ఎవరో నూనె రాసి బలవంతంగా వంచుతామంటే రానివ్వకండి. పిక్క మర్దనా అయితే అసలే వద్దు, లోపల గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పరామర్శకి వచ్చేవాళ్లని కూడా కాస్త కాయాలి. "మా ఆడపడుచు పదో రోజునే గుడికెళ్లింది" అని ఒకరు చెప్పి వెళితే మీ పదిరోజుల శ్రమ పోతుంది. అలాంటి మాటలకి గుమ్మం దగ్గరే కాఫీ ఇచ్చి పంపేయడం మంచిది. నెలన్నర దాటినా ఏడుపు ఆగకపోయినా, తిండి మానేసినా డాక్టరుకి చెప్పండి. దానికీ మందుంది.

రెండు నెలలైంది. మోకాలు ఇంకా వేడిగా ఉంది, నడుస్తుంటే టక్‌టక్‌మని చప్పుడు, కుట్టుకి బయటి వైపు తాకితే తెలియడం లేదు. చెడిపోయిందా?
— కాకినాడ

లేదు. చర్మంలోని సన్న నరం కోతలో తెగుతుంది కాబట్టి బయటి వైపు మొద్దుబారుతుంది. ఆ మొద్దుబారిన చోటు కాలక్రమంలో చిన్నదవుతుంది గాని కొందరికి కొంత మిగిలిపోతుంది. చప్పుడు లోహమూ ప్లాస్టిక్కూ తాకడం. గోరువెచ్చదనం, సాయంత్రాలు వాపు ఆరు నెలల దాకా మామూలే. పూర్తిగా కుదుటపడటానికి ఏడాది పడుతుంది.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కుట్టులోంచి తడి కారడం, ఎరుపు పాకడం, చలిజ్వరం, తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా పెరగడం ఉంటే అదే రోజు ఆపరేషన్ చేసిన సర్జనుకి చూపించాలి. షాపులో యాంటీబయాటిక్ కొని మింగి ఆగకండి. మోకాల్లోంచి నీరు తీసి పరీక్షించక ముందే మందు పడితే ఏ క్రిమో దొరకదు, వైద్యం గుడ్డిదవుతుంది. పిక్క గట్టిపడి నొప్పెడుతున్నా అదే రోజు వెళ్లాలి. ఆయాసం, గుండెల్లో పోటు వస్తే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూడకండి.

నమాజుకి కింద కూర్చోవచ్చా? స్కూటీ ఎప్పుడు నడపవచ్చు?
— కర్నూలు

కుర్చీలో చేసుకోండి. మోకాళ్ల మీద ఆనడం వల్ల కీలు విరిగిపోదు గాని, చాలామందికి అక్కడ సూదులు గుచ్చినట్టుంటుంది. మడమల మీద పూర్తిగా కూర్చోవడానికి కావలసినంత వంపు ఎక్కువమందికి రాదు, బలవంతపెడితే ప్లాస్టిక్ పలక అంచులు తొందరగా అరుగుతాయి. గొంతుకూర్చోవడం, కింద కూర్చునే లెట్రిన్ మానేయాల్సిందే. కారు ఆరు వారాల తరవాత, అదీ బ్రేకు గట్టిగా తొక్కగలిగితే. స్కూటీ మూడు నెలలాగండి. దాన్ని ఆపినప్పుడు బరువంతా కాలి మీదే పడుతుంది.

పిల్లల దగ్గరికి న్యూజెర్సీ వెళ్లాలి. ఆపరేషన్ చేయించుకుని వెంటనే వెళ్లమంటున్నారు.
— విజయవాడ

వద్దు. అంతసేపు విమానంలో కూర్చుంటే కాళ్లలో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. మూడు నెలలయ్యాక బయలుదేరండి. నడవా పక్క సీటు అడగండి, గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. రక్తం పలచబరిచే మందు కావాలేమో మీ డాక్టరుని అడగండి. ఎయిర్‌పోర్టులో మిషన్ మోగుతుంది. మోకాల్లో లోహం ఉందని చెబితే చేత్తో పరీక్షించి పంపుతారు, కంగారు లేదు.

తగ్గితే కాలినడకన కొండెక్కుతానని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. ఆపరేషన్ అయ్యి ఏడు నెలలు. తీర్చుకోవచ్చా?
— రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి

ఏడాది నిండనివ్వండమ్మా. స్వామి తొందరపెట్టడు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే గాని రెండు కిలోమీటర్ల చిల్లరలోనే అంత ఎత్తూ ఎక్కించేస్తుంది. కొత్త మోకాలికి అలిపిరే నయం, ఆగి ఆగి పోవచ్చు.

ముందు ఇంటి దగ్గర రెండు నెలలు సాధన చేయండి. మూడంతస్తులు ఆసరా లేకుండా ఎక్కి, ఆ రాత్రి మోకాలు వాయకపోతే సిద్ధమైనట్టే. మొదట్లో మంచి కాలు ముందు పైకి, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు కిందికి అని నేర్పుతారు, అలసట వచ్చినప్పుడు ఆ పద్ధతికే మళ్లండి. చేతికర్ర పట్టుకెళ్లండి, తెల్లవారుజామున బయలుదేరండి. మోకాళ్ల పర్వతం దగ్గర కొందరు మోకాళ్ల మీద ఎక్కుతారు, మీరు పాదాలతోనే ఎక్కండి. దిగడం మాత్రం బస్సులోనే. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం ఎక్కేటప్పటికన్నా ఎక్కువ, మొక్కులో దిగడం లేదు కదా.